నావకు నీడ

సముద్రయానం అనగానే సామాన్యుని కన్నుల ముందు నిలిచేది గాలిని నిండుగా పూరించుకొని, కెరటాలను చీల్చుకొంటూ సాగే తెరచాప నావ. కవులు వర్ణించినదీ, చిత్రకారులు గీసినదీ ఆ నావనే. అది కదలక నిలిచి ఉండే కాలాన్ని గురించి ఆలోచించేవారు అరుదు. నిజానికి తెరచాప నావ జీవితంలో నిలిచిన దినాలు తక్కువేమీ కావు. సరకు ఎక్కించడానికి, దింపడానికి, చినిగిన చాప కుట్టుకోవడానికి, పగిలిన పలక మార్చుకోవడానికి, అన్నింటికంటె ముఖ్యంగా అనుకూలమైన గాలికోసం అది వారాల తరబడి, ఒక్కొక్కప్పుడు నెలల తరబడి వేచి ఉండవలసిందే. నడిచే నావను సరంగు నేర్పు కాపాడుతుంది. నిలిచిన నావను అది నిలిచిన చోటు కాపాడాలి. కాబట్టి ఆ చోటును ఎంచుకోవడంలోనే సరంగు వివేకం వెల్లడవుతుంది.

తెలుగువారి తీరరేఖ సుమారు వెయ్యి కిలోమీటర్ల పొడవున్నది. ఇంత పొడవైన తీరంలో ప్రకృతి స్వయంగా ప్రసాదించిన ఆశ్రయాలు మాత్రం వేళ్ళమీద లెక్కింపదగినవి. పశ్చిమతీరంలో అనేకచోట్ల కొండలు కడలిలోకి చొచ్చుకొనివచ్చి నావలకు చాటునిచ్చాయి. తూర్పుతీరం అట్టిది కాదు. చాలావరకు అది చదునైన ఇసుక నేల. ఒడ్డుకు దూరంగానే కెరటాలు వరుసలు వరుసలుగా విరిగిపడుతుంటాయి. పూర్వం పెద్ద ఓడలు ఒడ్డుకు రాలేక బయలు సముద్రంలోనే లంగరు వేసేవి. మేకులు లేకుండా కొబ్బరినార తాళ్ళతో పలకలను కుట్టి తయారుచేసిన మసూలా పడవలు సరకులను, మనుషులను అలల మీదుగా ఒడ్డుకు చేర్చేవి. మేకులు కొట్టిన పడవ తాకిడికి పగిలే చోట, కుట్టుపడవ కొంత వంగి తట్టుకొనేది.

బయలు సముద్రంలో లంగరు వేయడం మంచి దినాలకే తగిన పద్ధతి. 1746 సెప్టెంబరులో లా బూర్దొనే నాయకత్వంలో ఫ్రెంచి నౌకాదళం మద్రాసును జయించింది. మరి కొన్ని వారాలకే, అక్టోబరు నెలలో, ఆ పట్టణం ఎదుటనే లంగరు వేసి ఉన్న ఆ దళం ఒక్క తుపానులో ఛిన్నాభిన్నమైంది. కోటను గెలుచుకొన్నవారికి తమ ఓడలను దాచుకొనే చోటు మాత్రం అక్కడ దొరకలేదు.

ఇట్టి తీరంలో నావలకు తలుపులు తెరిచినవి నదులే. క్రీస్తుశకం రెండవ శతాబ్దికి చెందిన గ్రీకు భూగోళ శాస్త్రజ్ఞుడు టాలెమీ కృష్ణాతీర ప్రాంతాన్ని మైసోలియా అని పేర్కొన్నాడు. ఆయన చెప్పిన రేవుపట్టణాలలో ఒకటి నేటి ఘంటసాల అని చరిత్రకారులు గుర్తించారు. శాతవాహన రాజులు ముద్రించిన నాణేలలో కొన్నింటిమీద రెండు తెరచాప కొయ్యలు గల ఓడబొమ్మ కనిపిస్తుంది. రాజ్యలాంఛనాలతో సమానంగా ఓడకు నాణెంమీద చోటిచ్చిన జాతికి, ఆ ఓడ నిలిచే రేవు విలువ తెలియకపోలేదు.

అయితే రేవును ఎంచుకోవడం ఎట్లా? అనుభవజ్ఞుడైన సరంగు కొత్త తీరాన్ని సమీపించినప్పుడు మొదట వేసుకొనే ప్రశ్న "ఇక్కడ నీడ ఉన్నదా?" అని కాదు. "ఏ గాలికి నీడ ఉన్నది?" అని. ఎందుకంటే అన్ని గాలులకూ చాటునిచ్చే తావు లోకంలో బహు అరుదు. చెట్టునీడ సూర్యునితోపాటు జరిగినట్లే, రేవునీడ గాలితోపాటు జరుగుతుంది. జూన్ నుండి సెప్టెంబరు వరకు నైరుతి గాలులు వీస్తాయి. అక్టోబరు నుండి ఈశాన్య గాలులు మొదలవుతాయి. దక్షిణాన కొండ ఉన్న రేవు మొదటి కాలంలో తల్లి ఒడివలె ఉంటుంది. అదే రేవు ఉత్తరానికి తెరచి ఉంటే రెండవ కాలంలో నావను ఒడ్డుకు విసిరికొడుతుంది. విశాఖపట్నంలో డాల్ఫిన్స్ నోస్ అని పిలిచే కొండ సముద్రంలోకి ముక్కువలె చొచ్చుకొనిపోయింది. దానికి ఉత్తరంగా, మేఘాద్రిగెడ్డ సముద్రంలో కలిసే పల్లపు ప్రదేశంలో లోపలి రేవును తవ్వారు. ప్రవేశమార్గాన్ని అలలనుండి, కొట్టుకొనివచ్చే ఇసుకనుండి కాపాడడానికి రెండు పాత ఓడలను రాళ్ళతో నింపి సముద్రంలో ముంచి అడ్డుకట్టగా చేశారు. 1933 లో ఆ రేవు ప్రారంభమైంది. కొండ ఇచ్చిన చాటు చాలని చోట మనిషి మరికొంత చాటు కల్పించుకొన్నాడు.

రెండవ ప్రశ్న లోతును గురించి, మూడవది అడుగునేలను గురించి. పూర్వపు నావికులు ఈ రెంటినీ ఒకే సాధనంతో తెలుసుకొనేవారు. పొడవైన తాటికి సీసపు గుండు కట్టి నీటిలోకి జారవిడిచేవారు. తాడు ఎంత దిగినదో అంత లోతు. గుండు అడుగున చిన్న గుంటలో కొవ్వు అద్దేవారు. పైకి లాగినప్పుడు దానికి అంటుకొన్నది ఇసుకైతే ఇసుక నేల, బురదైతే బురద నేల. ఏమీ అంటక, గుండుకు గీతలు పడితే అడుగున రాయి ఉన్నదన్నమాట. లంగరు చక్కగా నాటుకోవడానికి గట్టి బురద గాని, బిగువైన ఇసుక గాని కావాలి. రాతినేలమీద అది జారిపోతుంది. లేదా రాళ్ళ సందులో చిక్కుకొని తిరిగి రాదు. పైకి ఒకే తీరుగా నిశ్చలంగా కనిపించే నీటికింద ఇన్ని భేదాలున్నాయి. నీటి ఉపరితలాన్ని చూసి మురిసిపోయేవాడు సరంగు కాలేడు.

లోతు తెలిసిన తరువాత లెక్క మొదలవుతుంది. లంగరు తన బరువుతోనే నావను నిలుపుతుందని చాలామంది భావిస్తారు. అది పొరపాటు. తాడు నేలకు దగ్గరగా, వాలుగా లాగినప్పుడే లంగరు కొన నేలలోకి దిగుతుంది. తాడు నిటారుగా ఉంటే అది పెకలించుకొని వస్తుంది. అందుచేత తాడు పొడవు లోతుకు అయిదు రెట్లయినా ఉండాలనీ, గాలి హెచ్చితే ఏడు రెట్లకు పెంచాలనీ నావికుల నియమం. ఒక పడవ పాటు వేళ మూడు మీటర్ల నీటిలో లంగరు వేసిందనుకొందాం. మూడును ఏడుతో హెచ్చించి 21 మీటర్ల తాడు వదిలి నిద్రపోతే ప్రమాదమే. పోటు వచ్చి నీరు మరి ఒకటిన్నర మీటర్లు పెరుగుతుంది. తాడు కట్టిన నావముఖం నీటికి ఒక మీటరు ఎత్తున ఉంటుంది. ఈ మూడింటినీ కలిపితే అయిదున్నర మీటర్లు. అంటే కావలసిన తాడు దాదాపు 39 మీటర్లు. అర్ధరాత్రి నావ కొట్టుకొనిపోవడానికి చాలాసార్లు కారణం గాలి కాదు, సాయంకాలం వేసిన తప్పులెక్క. తాడు పెరిగితే మరొక చిక్కున్నది. గాలి మారినప్పుడల్లా నావ ఆ తాటి పొడవున వలయంగా తిరుగుతుంది. ఆ వలయంలో ఒడ్డుగాని, ఇసుకతిన్నె గాని, పొరుగువాని పడవ గాని ఉండరాదు. తనకు కావలసిన చోటును కొలుచుకొనేటప్పుడు ఇతరులకు కావలసిన చోటును కూడా కొలవవలసి ఉంటుంది.

సముద్రంకంటె నది క్షేమమని సాధారణంగా అందరూ తలుస్తారు. అందులో సత్యం లేకపోలేదు. నదిలోకి రెండు మైళ్ళు ప్రవేశించిన నావకు కడలి కెరటాల బాధ ఉండదు. అంతేకాదు, ఉప్పునీటిలో కొయ్యను తొలిచే పురుగు మంచినీటిలో బతకదు. కొంతకాలం నదిలో ఉంచితే నావ అడుగుభాగానికి ఈ తొలిచే బాధ తప్పుతుంది. గుగ్గిలం, నూనె కలిపి పూసుకోవడానికి, పలకల సందులు పూడ్చుకోవడానికి ఏటిగట్టు అనువైన చోటు. కాని నదికి తనవైన నియమాలున్నాయి. మొదటిది మొగ. నది కడలిలో కలిసే చోట అది మోసుకొనివచ్చిన ఇసుక తిన్నెగా పేరుకొంటుంది. పాటు వేళ బయటికి పరుగెత్తే నదీజలం, లోపలికి తోసుకొనివచ్చే గాలి ఎదురెదురుగా ఢీకొన్నప్పుడు ఆ తిన్నెమీద కెరటాలు నిటారుగా లేచి విరుగుతాయి. క్షేమంకోసం నదిలోకి ప్రవేశించబోయి గుమ్మంలోనే మునిగిన నావలు అనేకం. మొగ దాటవలసినది పోటు వేళ, వెలుగు ఉండగానే. తుపాను తరుముకొని వచ్చిన తరువాత ఆశ్రయానికి పరుగెత్తడం కంటె, అది రాకముందే చేరుకోవడం మేలని పెద్దలు చెప్పడానికి కారణమిదే.

రెండవది ప్రవాహం. సముద్రపు పోటు చేరే నదీభాగంలో నీరు ప్రతి దినం దిశ మార్చుకొంటుంది. ఒకే లంగరుమీద నిలిచిన నావ పోటుకు ఒకవైపు, పాటుకు మరొకవైపు తిరుగుతూ చివరకు తన లంగరునే తాటితో చుట్టి పెకలిస్తుంది. కాబట్టి నదిలో ఎగువకు ఒకటి, దిగువకు ఒకటి రెండు లంగరులు వేస్తారు. నది వంపు తిరిగే చోట వెలుపలి గట్టున లోతు ఎక్కువ, కాని ఆ గట్టు కోతకు గురవుతుంది. లోపలి గట్టున నీరు నెమ్మది, కాని అక్కడ మేట వేస్తుంది. ఈ రెంటి నడుమ తావు చూసుకోవాలి. మూడవది వరద. వేసవిలో మోకాటిలోతు నీటితో ప్రశాంతంగా కనిపించే పాయ శ్రావణమాసంలో మాకులను, గడ్డివాములను మోసుకొనివస్తుంది. 1986 ఆగస్టులో గోదావరికి మహోధృతమైన వరద వచ్చినప్పుడు ధవళేశ్వరం వద్ద సుమారు 35 లక్షల క్యూసెక్కుల నీరు ప్రవహించింది. అట్టి నది ఎదుట ఏ తాడూ నిలువదు. నదిని ఆశ్రయించేవాడు కడలి గాలినే కాక, ఎక్కడో ఎగువన కురిసే వానను కూడా లెక్కలోకి తీసుకోవాలి.

ఇంతవరకు చెప్పినవి గాలి, నీరు, నేల. ఇవి మూడూ అనుకూలించినా, ఒడ్డున ఉన్న మనుషులు అనుకూలించకపోతే అది రేవు కాదు. ఈ సత్యాన్ని గుర్తించిన తెలుగు ప్రభువు కాకతి గణపతిదేవుడు. పూర్వం తుపానుకు చిక్కి తీరానికి కొట్టుకొనివచ్చిన ఓడలలోని సరకును రాజులు బలవంతంగా స్వాధీనం చేసుకొనేవారు. కడలి కనికరించి విడిచిపెట్టిన దానిని ఒడ్డు దోచుకొనేదన్నమాట. గణపతిదేవుడు 1244 నాటి మోటుపల్లి అభయశాసనంలో ఈ దురాచారాన్ని విడిచిపెట్టాడు. ప్రాణాన్ని లెక్కచేయక సముద్రయానమనే సాహసానికి పూనుకొన్న వర్తకులనుండి నిర్ణీతమైన సుంకం తప్ప మరేమీ తీసుకోనని ప్రకటించాడు. ఆ శాసనానికి అభయశాసనమనే పేరు ఎంతో సార్థకమైనది. నావికునికి కావలసినది అభయం. అది కొండవల్లనో, నదివల్లనో సగమే లభిస్తుంది. తక్కిన సగం మనుషుల న్యాయబుద్ధివల్ల లభించాలి. మోటుపల్లి తీరంలో గొప్ప కొండ లేదు. అయినా ఆ రేవు దేశాంతరాలలో పేరు పొందింది.

పైన చెప్పిన సుగుణాలన్నీ ఒక్కచోట చేరిన రేవుగా ఒకప్పుడు ప్రఖ్యాతి వహించినది కోరంగి. గౌతమీ గోదావరి పాయలలో ఒకటి కడలిని చేరే చోట, ఒండ్రుతో ఏర్పడిన నేల అడ్డుగా నిలిచి అక్కడి అఖాతంలోని నీటిని నిశ్చలంగా ఉంచేది. అడుగున మెత్తని బురద. లంగరుకు అనువైన నేల. చుట్టూ మడ అడవులు. ఓడపనిలో ఆరితేరిన వడ్రంగులు కోరంగిలో, తాళ్ళరేవులో తరతరాలుగా నివసించేవారు. సమీపంలోనే యానాం, ఇంజరం వంటి వస్త్రవ్యాపార కేంద్రాలు వెలిశాయి. 1802 లో అక్కడ ఓడల మరమ్మతుకోసం ఒక డాక్ నిర్మించారు. కలకత్తాకు, తిరుకోణమలకు నడుమ పెద్ద ఓడలను బాగుచేసుకోదగిన చోటు అదేనని ఆనాటివారు చెప్పుకొన్నారు. కోరంగి నుండి ఓడలు బర్మాకు, మలయాకు సాగేవి. ఆ ఓడలు ఎక్కి వెళ్ళిన తెలుగువారిని ఆ దేశాలలో "కోరంగీలు" అని పిలిచేవారు. ఒక రేవు పేరు ఒక జనసమూహానికే పేరుగా మారిందంటే, ఆ రేవు ఎంతమందిని సాగనంపిందో ఊహించవచ్చు.

అట్టి కోరంగిని 1789 డిసెంబరులో ఉప్పెన ముంచెత్తింది. ఒకదాని వెనుక ఒకటిగా మూడు మహాతరంగాలు వచ్చాయని ఆనాటి వృత్తాంతాలు చెబుతున్నాయి. ఓడలు ఊరిలోకి, పొలాలలోకి కొట్టుకొనిపోయాయి. వేలాది జనం నశించారు. మిగిలినవారు మళ్ళీ ఇళ్ళు కట్టుకొన్నారు, మళ్ళీ ఓడలు కట్టారు. అర్ధశతాబ్దం గడిచింది. 1839 నవంబరులో మరొక ఉప్పెన వచ్చి ఆ ఊరిని తుడిచిపెట్టింది. ఆ దెబ్బ తరువాత కోరంగి పూర్వవైభవం తిరిగి రాలేదు.

ఇక్కడ ఆగి ఆలోచించవలసిన విషయమొకటి ఉన్నది. కోరంగిని ఎంచుకొన్నవారు అజ్ఞానులు కారు. వారు చూసిన సుగుణాలన్నీ నిజమైనవే. మరి అవి ఎందుకు కాపాడలేకపోయాయి? దానికి సమాధానం ఉప్పెన స్వభావంలోనే ఉన్నది. మామూలు కెరటం గాలి రేపిన అల. దానిని ఇసుకతిన్నె అడ్డగిస్తుంది. లోతు తక్కువైన చోట అది విరిగి శాంతిస్తుంది. ఉప్పెన అల కాదు. తుపాను గాలులు గంటల తరబడి తోసుకొనివచ్చిన సముద్రమే మట్టం పెంచుకొని నేలమీదికి ఎక్కడం ఉప్పెన. లోతైన సముద్రంలో ఆ నీరు అడుగునుండి వెనుకకు మరలిపోతుంది. లోతు తక్కువైన చోట దానికి మరలే దారి లేదు. మూడు వైపుల నేల ఉన్న అఖాతంలోనైతే పక్కలకు పోయే దారి కూడా లేదు. ఇక పైకి లేవడం తప్ప మరో గతి లేదు. మన తూర్పుతీరాన్ని దాటే తుపానులో గాలి అపసవ్యదిశలో తిరుగుతుంది. అందువల్ల తుపాను తీరం దాటిన చోటికి ఉత్తరాన గాలి కడలినుండి నేలవైపు వీస్తుంది. అక్కడే ఉప్పెన ముప్పు హెచ్చు. దక్షిణాన గాలి నేలనుండి కడలివైపు వీచి నీటిని వెనుకకు తీస్తుంది. అంటే ఏ లోతులేని నిశ్చలజలం నిత్యం నావను లాలించిందో, ఆ లోతులేనితనమే ఉప్పెనను ఎత్తి ఊరిమీద పోసింది. నిత్యం వీచే గాలికి నీడనిచ్చిన తావు, ఏ యాభై ఏళ్ళకో వచ్చే గాలికి ఉచ్చుగా మారింది.

ఈ తుపానులను శాస్త్రదృష్టితో పరిశీలించినవారిలో హెన్రీ పిడింగ్టన్ అగ్రగణ్యుడు. ఓడ నడిపిన అనుభవం గల ఆయన కలకత్తాలో స్థిరపడి, ఓడల దినచర్య పుస్తకాలను సేకరించి, తుపాను గాలుల గమనాన్ని అధ్యయనం చేశాడు. "సైక్లోన్" అనే పదాన్ని సృష్టించినది ఆయనే. 1848 లో నావికులకోసం వెలువరించిన గ్రంథంలో ఆ పదాన్ని వాడాడు. ఆ రోజులలో హుగ్లీ నది పూడిపోతున్నదనే భయంతో, మాత్లా నదిమీద కొత్త రేవు నిర్మించాలనే ఆలోచన బయలుదేరింది. మాత్లా లోతైనది, విశాలమైనది. చూసినవారందరికీ నచ్చింది. పిడింగ్టన్‌కు నచ్చలేదు. ఎప్పుడో ఒకనాడు ఉప్పునీరు ఉప్పెనగా వచ్చి ఆ ఊరిని ముంచివేయగలదని హెచ్చరిస్తూ 1853 లో గవర్నర్ జనరల్ డల్‌హౌసీకి ఆయన లేఖ రాశాడు. ఆ హెచ్చరికను పాలకులు పెడచెవిని పెట్టారు. పోర్ట్ కానింగ్ అనే పేరుతో రేవు, రైలుమార్గం, భవనాలు వెలిశాయి. 1858 లో పిడింగ్టన్ మరణించాడు. 1867 నవంబరులో తుపాను వచ్చి ఆ రేవును ధ్వంసం చేసింది. కొద్ది సంవత్సరాలకే దానిని విడిచిపెట్టారు. పాలకులు నది లోతును కొలిచారు. పిడింగ్టన్ ఆ నదికి, కడలికి, తుపానుకు గల సంబంధాన్ని కొలిచాడు.

తెలుగు తీరం ఈ పాఠాన్ని పదే పదే కన్నీటితో చదువుకొన్నది. 1864 నవంబరులో మచిలీపట్నాన్ని ముంచిన ఉప్పెనలో సుమారు 30 వేలమంది మరణించారు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనను కళ్ళారా చూసినవారు ఇప్పటికీ ఉన్నారు. 1864 నాటి ఉపద్రవాల తరువాత, 1865 లో కలకత్తా రేవులో తుపాను హెచ్చరికల ఏర్పాటు జరిగింది. 1875 లో భారత వాతావరణ శాఖ ఏర్పడింది. ఇప్పుడు ఓడరేవులలో ఎగురవేసే ప్రమాద సూచికల సంఖ్యలు పల్లెలలోని పిల్లలకు కూడా సుపరిచితాలు. ఉపగ్రహాలు తుపాను పుట్టుకనే గుర్తిస్తున్నాయి. పూర్వపు సరంగుకు ఆకాశపు రంగు, గాలి మళ్ళింపు మాత్రమే హెచ్చరికలు. నేటి సరంగుకు దినాల ముందే సమాచారం అందుతున్నది. అయినా నిర్ణయం మాత్రం అతనిదే.

ఆ నిర్ణయం అందరికీ ఒక్కటి కాదు. పెద్ద ఓడకు తుపాను వేళ రేవు క్షేమం కాదు. గట్టుకు కొట్టుకొని, ఇతర ఓడలను ఢీకొని అది పగిలిపోగలదు. అందుచేత ఇంజను బలం గల ఓడలు హెచ్చరిక అందగానే లంగరు ఎత్తి దూరసముద్రానికి వెళ్ళిపోతాయి. ఒడ్డున ఉన్నవారికి ఇది వింతగా తోస్తుంది. కాని లోతైన నీరు, కదలడానికి చోటు ఉండడమే వాటికి నీడ. చిన్న పడవకు ఆ శక్తి లేదు. అది ఉప్పుటేరుల లోపలికి, మడ అడవుల సందులలోకి పోవలసిందే. మడచెట్ల వేళ్ళు అలల వేగాన్ని తగ్గిస్తాయి, ఒండ్రును నిలుపుతాయి. మెత్తని బురదమీద ఒరిగిన పడవ రాతిగట్టుకు కొట్టుకొన్న పడవవలె ముక్కలు కాదు. కోరంగి మడ అడవిని 1978 లో అభయారణ్యంగా ప్రకటించారు. అది పక్షులకు, నీటిపిల్లులకు ఎంత అభయమో, తీరగ్రామాల పడవలకు కూడా అంత అభయం.

రేవును గురించి చెప్పవలసిన మరొక సత్యమున్నది. ఏ నీడా శాశ్వతం కాదు. నీరు నిశ్చలంగా ఉన్న చోటనే ఒండ్రు అడుగుకు దిగుతుంది. అంటే రేవుకు మంచి గుణమైన నిశ్చలత్వమే క్రమంగా దానిని పూడ్చివేస్తుంది. కోరంగిని ఉప్పెనలు కొంత, గోదావరి ఒండ్రు కొంత కబళించాయి. వ్యాపారం ఉత్తరంగా కాకినాడకు తరలింది. ధవళేశ్వరం ఆనకట్టతోపాటు వెలసిన కాలువలు డెల్టా పంటలను పడవలమీద కాకినాడకు చేర్చాయి. గోదావరి ఇసుక ఉత్తరంగా సాగి, రెండు శతాబ్దాల కాలంలో సుమారు 16 కిలోమీటర్ల పొడవైన సన్నని దిబ్బగా రూపొందింది. హోప్ ఐలాండ్ అని పిలిచే ఆ దిబ్బ నేడు కాకినాడ అఖాతానికి సహజమైన అడ్డుకట్ట. ఏ నది కోరంగిని పూడ్చినదో ఆ నదే కాకినాడకు నీడ కల్పించింది. అయితే ఆ నీడకు కొద్ది దూరంలోనే ఉప్పాడ తీరం ఏటేటా కోతకు గురై ఇళ్ళు, తోటలు కడలిలో కలుస్తున్నాయి. ఒకచోట ఇచ్చిన ఇసుకను మరొకచోట తీసుకోవడం కడలికి సహజం. కాబట్టి తాత లంగరు వేసిన చోటనే మనుమడు కళ్ళు మూసుకొని వేయరాదు. ప్రతి సంవత్సరం గుండు దించి లోతు చూసుకోవాలి. ప్రతి వరద తరువాత మొగ ఎటు జరిగిందో తెలుసుకోవాలి.

అన్నింటికంటె కఠినమైన ప్రశ్న చివర ఉన్నది. ఎంత మంచి తావున కట్టినా, ఎన్ని మోకులు బిగించినా, మహోపద్రవం వేళ నావ నిలుస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. మత్స్యకారునికి పడవ కేవలం వస్తువు కాదు. అది అతని పొలం, అతని అప్పు, అతని పిల్లల చదువు. అందుచేత హెచ్చరిక విన్న తరువాత కూడా పడవను విడిచిపోలేక, దానికి కాపలాగా ఒడ్డున ఉండిపోయేవారున్నారు. ఒడ్డున సుఖంగా ఉన్నవారు దీనిని మూర్ఖత్వమనడం సులభం. కాని పోయిన పడవకు బదులు మరొక పడవ వస్తుందనే నమ్మకం లేనివాడు, ఉన్నదానిని ఎట్లా విడిచిపెట్టగలడు? నష్టపోయినవానికి సకాలంలో అందే పరిహారం, భీమా, తుపాను ఆశ్రయభవనం, అక్కడికి చేరే దారి, ఇవన్నీ కూడా రేవులో భాగాలే. గణపతిదేవుడు రాతిమీద చెక్కించిన అభయం ఈ కాలంలో ఈ రూపాలు ధరించవలసి ఉన్నది. ఆ అభయం ఉన్నప్పుడే మత్స్యకారుడు తాడు చివరి ముడి బిగించి, పడవను బురదకు అప్పగించి, ఇంటిల్లిపాదితో మెరకకు నడవగలుగుతాడు.

నావకు నీడను వెదికే సరంగు ప్రశ్నలు చాలా సాధారణమైనవి. ఏ గాలికి ఇది చాటు? అడుగున ఏమున్నది? నీరు ఎంత పెరుగుతుంది, ఎంత తగ్గుతుంది? లోపలికి వచ్చిన దారిని బయటికి పోగలనా? ఒడ్డున ఉన్నవారు ఎట్టివారు? నిన్న ఉన్నట్లే నేడు ఉన్నదా? వీనికి సమాధానాలు తెలుసుకోవడానికి గొప్ప పాండిత్యం అవసరం లేదు. ఓపిక ఉండాలి, కొలిచి చూసే అలవాటు ఉండాలి, ప్రశాంతంగా ఉన్న దినాన ఉపద్రవాన్ని ఊహించగల బుద్ధి ఉండాలి. కోరంగిలో ఇప్పుడు పెద్ద ఓడలు లేవు. ఆ పాయలలో చిన్న పడవలు మాత్రం ప్రతి సాయంకాలం పోటు వేళకు తిరిగివస్తాయి. వాటిని నడిపేవారు మొగ దాటి, నీటి రంగు చూసి, గాలి ఎటున్నదో గమనించి, ఆనాటికి తగిన చోట తాడు కట్టుకొంటారు.